తోడికోడలి జుట్టు

ఆ ఫారంలో ముప్ఫై ఒక్క గడులున్నాయి. ముప్ఫై గడుల్లో రామతులసి నిజమే రాసింది. పేరు, వయసు నలభై ఒకటి, ఊరు రాజమండ్రి, ఉద్యోగం పట్టుచీరల షోరూములో సేల్స్, జబ్బు మొదలైన నెల, ఇప్పటిదాకా వాడిన మందులు. మందుల గడి చాలక వెనకపేజీకి కూడా వెళ్ళింది. ఒక్క పదిహేడో గడి దగ్గరే పెన్ను ఆగింది. "మీరు తెచ్చిన వెంట్రుకలన్నీ మీవేనా?" అని ఉంది అందులో.

పక్కన కూర్చున్న భర్త సూరిబాబు తొంగి చూశాడు. మోటారు వైండింగు షాపు నడుపుకునే మనిషి, కాగితాలంటే విసుగు.

"అవునని రాసెయ్యక ఇంకా ఆలోచనేంటి? నీవి కాక నావా?" అన్నాడు తన బట్టతల నిమురుకుంటూ.

తులసి నవ్వలేదు. "అవును" అని రాసి సంతకం పెట్టేసింది.

అక్కడిదాకా రావడానికి ఆమెకి రెండేళ్ళు పట్టింది. మొదట చెవి వెనకాల రూపాయి బిళ్ళంత మేర నున్నగా కనిపించింది. జడ వేస్తూ కూతురు లహరి చూసి చెప్పింది. పేనుకొరుకుడే, ఏం కాదు అన్నారు చూసినవాళ్ళంతా. గురివింద గింజ అరగదీసి రాయమంది పక్కింటావిడ. రాస్తే మాడు మండి బొబ్బలెక్కింది. ఉల్లిరసం రాస్తే ఇంట్లో ఎవరూ దగ్గరికి రాలేదు. చర్మం డాక్టరు తలంతా సూదులు పొడిచాడు. హోమియో ఆయన చిన్నప్పుడు ఏం కలలొచ్చేవని అడిగాడు. హైదరాబాదులో ఓ అద్దాల క్లినిక్కు వాళ్ళు గోడ నిండా ఫొటోలు చూపించారు. ఎవరేం చేసినా జుట్టు తన దారిన తాను పోయింది. ఏడాది తిరిగేసరికి తల, కనుబొమలు, రెప్పలు అన్నీ నున్నబడ్డాయి.

జుట్టే కదా, ప్రాణం పోయిందా అనేవాళ్ళకి ఏం తెలుసు? తులసి పనిచేసే చోట చీరని బొమ్మకి కట్టి చూపించరు. సేల్స్ మనిషే తన భుజం మీద వేసుకుని, జడ ముందుకి లాక్కుని, అద్దం ముందు నిలబడాలి. పద్నాలుగేళ్ళు ఆ కౌంటరు ఆమెదే. ఆవిడ మీద చూసిన చీరే కావాలని పెళ్ళివాళ్ళు పట్టుబట్టేవారు. తలకి స్కార్ఫు కట్టడం మొదలెట్టాక చూపులు చీర మీద నిలవడం మానేశాయి. "కేన్సరా అమ్మా?" అని ఒకావిడ పెళ్ళికూతురి ముందే అడిగేసింది. ఆ సాయంత్రం ఓనరు పిలిచి, చాలా మర్యాదగా, కొన్నాళ్ళు పైన కూర్చుని చీరలకి ఫాల్సు కుట్టమన్నాడు. పై గదికి కిటికీ కూడా లేదు. అక్కడ కూర్చుని తులసి చాలాసార్లు ఏడ్చింది.

అలాంటప్పుడు విశాఖలో డాక్టర్ ఇందుధర్ పేరు విన్నారు. సముద్రం కనిపించే మూడంతస్తుల ల్యాబు ఆయనది. సన్నగా, ఎప్పుడూ తొందరలో ఉన్నట్టుండే మనిషి. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. వెంట వచ్చిన లహరిని తల దువ్వుకోమని, దువ్వెనలో వచ్చిన ఒక వెంట్రుక తీసి, మైక్రోస్కోపు కింద పెట్టి తెర మీద చూపించాడు.

"ఈ చివర తెల్లగా బొడిపెలా ఉంది చూశారా? ఇదే కుదురు. ఊడిన వెంట్రుక చచ్చిపోయిందనుకుంటాం. కాదు. ఈ కుదుట్లో కణాలు నిద్రపోతుంటాయి. పదేళ్ళయినా సరే, నేను లేపగలను."

ఏదో మందు ఒక చుక్క వేశాడు. కాసేపటికి తెర మీద బొడిపె మెల్లగా కదిలింది. సూరిబాబు నోరు తెరిచాడు.

"మరి మా ఆవిడకేంటండీ సంగతి?"

"ఆవిడ ఒంట్లో కాపలా కణాలకి మతి చెడింది. సొంత కుదుళ్ళనే దొంగలనుకుని తినేస్తున్నాయి. అందుకని జబ్బు రాకముందు ఊడిన వెంట్రుకలు కావాలి. వాటిని లేపి, పెంచి, మాడులో నాటతాను. తర్వాత ఒక మందు ఎక్కిస్తాను. 'వీళ్ళు మనవాళ్ళే, జోలికి పోకండి' అని కాపలావాళ్ళకి నేర్పే మందది. నాలుగొందల వెంట్రుకలు చాలు. కత్తిరించినవి పనికిరావు, కుదురుతో ఊడినవే ఉండాలి." ఆయన నిట్టూర్చాడు. "చిక్కంతా అక్కడే. ఊడిన జుట్టు ఎవరు దాచుకుంటారమ్మా?"

"మా ఇంట్లో ఉందండి," అంది తులసి.

ఉండడం నిజమే. దానవాయిపేటలో ఉమ్మడి కాపురం చేసిన రోజుల్లో అత్తగారు వెనక వసారాలో మేకుకి ఒక గుడ్డసంచి తగిలించారు. తల దువ్వుకున్నాక దువ్వెనలో మిగిలిన జుట్టుని వేలికి చుట్టి కోడళ్ళిద్దరూ అందులో వెయ్యాలి. వెంట్రుకలకి స్టీలు సామాన్లిచ్చే మనిషి నెలకోసారి వీధిలో కేకేసుకుంటూ వచ్చేది. ఆవిడ గిన్నె ఇస్తానంటే అత్తగారు బిందె అడిగేవారు. సంచి నిండలేదు కదమ్మా అని ఆవిడ, అయితే నిండాకే రా అని ఈవిడ. ఆ బేరం నాలుగేళ్ళు నడిచింది. బేరం తెగకుండానే అత్తగారు వెళ్ళిపోయారు. కాపురాలు విడిపోయినప్పుడు తులసి వాటాకొచ్చిన గంగాళం అడుగున ఆ సంచి కూడా వచ్చి అటకెక్కింది.

అందులో రెండు తలల జుట్టుందని తులసికి తెలియక కాదు. తనది తిన్నని జుట్టు, తోడికోడలు సుబ్బరత్నానిది ఉంగరాల జుట్టు. తెల్లదుప్పటి పరిచి మూడు మధ్యాహ్నాలు కూర్చుని విడదీసింది. కుదురుండి, తనవేనని ఒట్టేసి చెప్పగలిగినవి రెండొందల అరవై తేలాయి. నాలుగో మధ్యాహ్నం రెండో కుప్పలోంచి కాస్త తిన్నగా కనిపించినవి ఏరడం మొదలెట్టింది. జడ విప్పిన రోజుల్లో తన జుట్టు కూడా కొంచెం వంకర తిరిగే ఉండేదిలే అనుకుంది. కావలసినదాన్ని నమ్మడానికి మనిషికి ఎంతసేపు పడుతుంది? సాయంత్రానికి నాలుగొందలూ పూర్తయ్యాయి. ల్యాబు వాళ్ళు అందులో పదింటిని తీసి పరీక్షించారు. పదీ తులసివే. మిగతావన్నీ కలిపేసి పెంచారు.

రత్నాన్ని ఒక మాట అడగొచ్చుగా అంటే, మాటలుంటే కదా అడగడానికి! తొమ్మిదేళ్ళ కిందట లహరికి ఓణీల ఫంక్షను చేశారు. చిన్నప్పట్నుంచీ ఆ పిల్లకి తల దువ్వి జడ వేసింది పెద్దమ్మ రత్నమే; తులసి పొద్దున్నే డ్యూటీకి పోయేది. ఆ రోజు రత్నం కొత్తచీర కట్టుకుని అక్షింతల పళ్ళెంతో అందరికంటే ముందు నిలబడింది. తులసి పుట్టింటి పెద్దావిడెవరో తులసి చెవిలో ఏదో ఊదింది. తులసి గబగబా వచ్చి, "అక్కా, నువ్వు కాసేపాగు. పిల్లాపాపలున్నవాళ్ళు ముందు వేస్తారు," అంది.

హాలు హాలంతా వింది. పిల్లల్లేని రత్నం పళ్ళెం కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నెల తిరక్కుండా వాళ్ళు వేరు పడి సామర్లకోట వెళ్ళిపోయారు. ఒక్కసారి వెళ్ళి కాళ్ళ మీద పడితే అయిపోతుంది కదా అని తులసి ఎన్నిసార్లనుకుందో లెక్కలేదు. అనుకుంటూ ఉండగానే ఇన్నేళ్ళూ గడిచిపోయాయి.

నాటిన ఇరవయ్యో రోజున తల మీద నల్లటి నూగు కనిపించింది. సూరిబాబు ఆ రోజు షాపు మూసేసి స్వీట్లు పంచాడు. ఇందుధర్ లేపిన కుదుళ్ళు ఆగేరకం కాదు. వారానికి అంగుళం చొప్పున పెరుగుతూ ఆరు నెలలకి నడుము దగ్గరికొచ్చింది జుట్టు. తులసి మళ్ళీ కిందికి, తన కౌంటరుకి దిగింది. మొదటి రోజు ఒక కంచిపట్టు భుజాన వేసుకుని, జడ ముందుకి లాక్కుని అద్దంలో చూసుకుంటే కళ్ళనీళ్ళు ఆగలేదు. కొనేవాళ్ళు కంగారుపడి ఆ చీర వెంటనే తీసేసుకున్నారు.

ఒకనాడు సెలవుపూట లహరి తల్లికి జడ వేస్తూ మధ్యలో ఆగిపోయింది.

"అమ్మా, ఇది పెద్దమ్మ జుట్టులా లేదూ?"

"నోర్మూసుకుని వెయ్యి. మందు వేడికి అలా ఉంగరాలు తిరిగింది," అంది తులసి.

ఆ తర్వాత తిన్నని వెంట్రుకలు దిండు మీద కనిపించసాగాయి. నెల్లాళ్ళలో అవన్నీ రాలిపోయి, ఉంగరాలవి మాత్రం ఒత్తుగా, నిగనిగలాడుతూ నిలిచాయి. జుట్టుంది కదా, ఎవరిదైతేనేం అని తులసి సర్దుకోబోయింది. సర్దుకోనిస్తే కదా! గోళ్ళు గుంటలుపడ్డాయి. నోరంతా పూసి అన్నం ముద్ద దిగడం కష్టమైంది. అరచేతుల మీద చర్మం పొరలుపొరలుగా లేచిపోయి, పట్టుచీర ముట్టుకుంటే నెత్తురు మరకలయ్యేవి. జ్వరం రోజూ పలకరించి పోతోంది.

ఇందుధర్ ఈసారి మాట్లాడకుండా తెర వెలిగించాడు. ఒక పక్క ఉంగరాల వెంట్రుక కుదురు, ఇంకో పక్క తులసి చేతి నుంచి తీసిన చర్మం ముక్క. మధ్యలోకి తులసి నెత్తురు చుక్క వదిలాడు. కాపలా కణాలు కుదురుని తడిమి చూసి పక్కకి తప్పుకున్నాయి. నేరుగా వెళ్ళి చర్మం ముక్క చుట్టూ మూగాయి. అది అంచుల నుంచి కరిగిపోవడం ముగ్గురూ చూశారు.

"ఈ జుట్టు ఎవరిదమ్మా?" అని అడిగాడాయన మెల్లగా.

తులసి చెప్పింది. చెబుతున్నంతసేపూ సూరిబాబు ఆమె వంక కాకుండా నేల వంక చూశాడు. వదినగారి పేరు వినేసరికి అతని మొహం మాడిపోయింది.

డాక్టరు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. కుర్చీలో కూలబడి చేతుల్లో తల పెట్టుకున్నాడు. "పది చూసి నాలుగొందలు నమ్మాను. తప్పు నాదీను. ఆవిడ కణాలే మనవాళ్ళని మీ కాపలావాళ్ళకి నేర్పేశాను. దాంతో మీవి మీకే పరాయివైపోయాయి."

"జుట్టంతా పీకేయండి బాబూ," అన్నాడు సూరిబాబు.

"మాడు వొలిచేసినా లాభం లేదు. పాఠం నేర్చేసుకున్నాయి. ఇప్పుడు చర్మం, తర్వాత పేగులు, తర్వాత కాలేయం. ఒక్కటే దారి. ఆ జుట్టు ఎవరిదో వాళ్ళ నెత్తుట్లోంచి కాపలా కణాలు తియ్యాలి. వాటికి తులసిగారి చర్మం చూపించి, ఇదీ మనదే అని అలవాటు చేసి ఎక్కించాలి. అవి వెళ్ళి ఇక్కడివాటికి సర్దిచెబుతాయి. మూడు వారాల్లోపు మొదలుపెట్టాలి."

ఆ రోజు నుంచి ఆయన కొత్త రోగుల్ని తీసుకోవడం మానేశాడు.

సామర్లకోటలో తలుపు తీసింది రత్నమే. యాభై నాలుగేళ్ళకే జుట్టు నెరిసి, పలచబడి, చిన్న ముడిలోకి వచ్చేసింది. తులసి గుమ్మంలోనే స్కార్ఫు తీసేసింది. నల్లటి ఉంగరాల జుట్టు భుజాల మీదికి జారింది. రత్నం తను వయసులో ఉన్నప్పటి జుట్టుని ఇంకొకరి తల మీద చూసింది. చెయ్యి దానంతటదే సగం లేచి మళ్ళీ కిందికి దిగిపోయింది.

"ఏవండీ," అని లోపలున్న భర్తని పిలిచింది. "రాజమండ్రి నుంచి వచ్చారు. కూర్చోమనండి."

బావగారు వచ్చి కుర్చీలు వేశారు. తులసి అంతా చెప్పింది, సంచి సంగతి, ఫారం సంగతి కూడా. చెప్పి, లేచి వెళ్ళి రత్నం కాళ్ళ మీద పడింది. రత్నం కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"అడక్కుండా తీసుకుందటండీ," అంది భర్తతో. "అడిగితే ఇచ్చేదాన్నని చెప్పండి. ఊడిన జుట్టు నాకెందుకు?"

బావగారు ఎవరి వంక చూడాలో తెలియక గోడ వంక చూస్తున్నారు.

"లహరి ఏం చదువుతోందో అడగండి."

"డిగ్రీ ఆఖరేడు అక్కా," అంది తులసి నేల మీంచే.

"జడ వేసుకుంటోందా, విరబోసుకు తిరుగుతోందా అడగండి."

"వేసుకుంటుంది అక్కా."

వంటింట్లో కుక్కరు కూత వేస్తే రత్నం వెళ్ళి స్టవ్వు కట్టేసి వచ్చింది.

"సోమవారం వస్తానని చెప్పండి. ఆ పిల్ల తల్లిలేనిది కాకూడదు. అంతకు మించి ఇందులో ఏమీ లేదని కూడా చెప్పండి."

ల్యాబు రెండో అంతస్తులో రెండు మంచాలు వేశారు, మధ్యలో యంత్రం. రత్నం నెత్తురు అందులోకి వెళ్ళి, కాపలా కణాల్ని అక్కడ వదిలేసి మళ్ళీ ఆమె ఒంట్లోకే వచ్చేస్తుంది. ఆ కణాల్ని పక్కగదిలో ఒక పూటంతా తులసి చర్మం ముక్కలతో కలిపి ఉంచి, సాయంత్రం తులసికి ఎక్కిస్తారు. వారం తిరిగేసరికి నోటిపూత తగ్గింది. రెండో వారంలో అరచేతుల మీద గులాబిరంగు చర్మం కట్టింది. సూరిబాబు డాక్టరు చేతులు పట్టుకుని ఊపేశాడు.

అయితే ఆ కణాలు నెలకి మించి బతకలేదు. మళ్ళీ పొరలు లేచాయి, మళ్ళీ రత్నం వచ్చింది. గాజు పళ్ళేల్లో పెంచుదామని ఇందుధర్ చెయ్యని ప్రయత్నం లేదు. బయట అవి ఒక్కటి రెండవడానికి ఒప్పుకోలేదు. నెలనెలా రత్నం రావలసిందే.

వచ్చినప్పుడల్లా రత్నం కిటికీ పక్క మంచమే ఎక్కేది. మంచినీళ్ళు కూడా ఇంటి నుంచే తెచ్చుకునేది. నాలుగు గంటలు అలా పక్కపక్కన పడుకుని తులసితో ఒక్క మాట ఆడేది కాదు. ఏదైనా ఉంటే నర్సు ఝాన్సీతోనే.

"సిస్టరుగారూ, ఆవిడకి చలేస్తోందేమో, దుప్పటి కప్పండి."

"సిస్టరుగారూ, నాకేం వద్దు, అక్కకి జ్యూస్ ఇవ్వండి," అనేది తులసి.

"నాకు చక్కెర పడదని చెప్పండి."

ఝాన్సీకి మొదట్లో నవ్వొచ్చేది. మూడో నెలకి నవ్వడం మానేసింది. తులసి మాత్రం ఆ నాలుగు గంటల కోసం నెలంతా మాటలు కూడబెట్టుకునేది. ఆ రోజు నేనలా అనకూడదు అక్కా, అని మొదలుపెట్టాలనుకునేది. పక్కన అటు తిరిగి ఉన్న నెరిసిన ముడిని చూసేసరికి కూడబెట్టిందంతా మళ్ళీ వచ్చే నెలకి వాయిదా పడేది. ప్రాణం పోస్తున్న మనిషిని క్షమించమని కూడా అడగాలంటే ఎంత మొహం ఉండాలి?

ఐదో నెల రత్నం భర్త భుజం పట్టుకుని మెట్లెక్కింది. మెడ ఎముకలు తేలాయి. రెండు వారాలుగా దగ్గు తగ్గట్లేదని బావగారు ఎవరూ అడక్కుండానే చెప్పారు. ఝాన్సీ ఎడమ చేతిలో రెండుసార్లు, కుడి చేతిలో మూడుసార్లు సూది గుచ్చినా నరం దొరకలేదు. ఆరోసారి దొరికింది. పరీక్షకి తీసిన నెత్తురు చుక్క పట్టుకుని వెళ్ళిన ఇందుధర్ అరగంటకి తిరిగొచ్చి రెండు మంచాల మధ్య నిలబడ్డాడు. ఆయనకీ ఈ మధ్య నిద్రలేదని మొహం చెబుతోంది.

"రత్నంగారి ఒంట్లో కాపలా కణాలు మూడో వంతే మిగిలాయి. తీసినంత వేగంగా పుట్టట్లేదు. ఇవాళ తీస్తే, మామూలు జలుబు కూడా ఆవిణ్ణి తీసుకుపోవచ్చు. ఆర్నెల్లు విశ్రాంతి ఇవ్వాలి."

"మరి ఈవిడ?" అన్నాడు సూరిబాబు.

డాక్టరు తులసి వైపు తిరిగాడు. "రెండు నెలలు. జబ్బు అంతకంటే ఆగదు. ఈలోపు నాకేదైనా దారి దొరకొచ్చు. దొరుకుతుందని మాత్రం మాటివ్వలేను."

"తియ్యండి," అంది రత్నం కిటికీలోంచి సముద్రం వంక చూస్తూ.

"మీరొక్కరు అంటే చాలదమ్మా. ఇంతవరకూ వచ్చాక, పుచ్చుకునేవాళ్ళు కూడా సరేనంటేనే తీస్తాను. తులసిగారూ, మీరు చెప్పండి."

బావగారు మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. ఆయన ఏమీ అడగలేదు. అడగని ఆ మనిషి వంక తులసి చూడలేకపోయింది. వద్దు అనాలి. చాలు అక్కా, నువ్వు ఇంటికెళ్ళు అనాలి. పొద్దున రైల్లో ఇదే అనుకుంటూ వచ్చింది. మెట్ల మీద రత్నాన్ని చూసినప్పుడు మరీ గట్టిగా అనుకుంది. చిన్నమాట, కష్టమేమీ లేదు. ఇన్నేళ్ళ తప్పు ఆ ఒక్క మాటతో కొంతైనా దిగిపోతుంది. కానీ కళ్ళ ముందు లహరి మెదిలింది. అరచేతుల మీద కొత్తగా కట్టిన పలచటి చర్మం కనిపించింది. చచ్చిపోవడమంటే ఇంత భయమని ఆమెకి అప్పటిదాకా తెలియదు. తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యం వేసినా భయం తగ్గలేదు.

అప్పుడు రత్నం ఇటు తిరిగింది. ఓణీల ఫంక్షను రోజు తర్వాత మొదటిసారి తులసి మొహంలోకి తిన్నగా చూసింది. ఆ చూపులో కోపం లేదు. తను కూడా బతకాలని ఎవరైనా అంటారేమోనని ఎదురుచూస్తున్న మనిషి చూపది.

తులసి నోరు తెరిచింది. గదిలో అందరూ ఆగి ఉన్నారు. రత్నం చూపు తిప్పుకోలేదు.

తులసి కళ్ళు దించుకుని, సూది గుచ్చమన్నట్టు ఝాన్సీ వైపు చెయ్యి చాపింది.